అత్తయ్య బొటనవేలు

ప్రియమైన అత్తయ్యకు,

క్షేమంగా చేరాను. నన్ను బస్సు ఎక్కించి చెయ్యి ఊపావు చూడు, ఎడమ చెయ్యి. కుడిది పని కోటు జేబులోనే ఉంది. మొక్కల నర్సరీ వెనక మన గదిలో నేను ఉన్నన్నాళ్లూ ఆ బొటనవేలు దాస్తూనే ఉన్నావు. అన్నం దగ్గర మాత్రం దాచలేకపోయావు. గోరు నల్లబడి, కొస పైకి లేచింది. అడుగుదామనుకున్నాను. నోరు రాలేదు. ఎదురుగా అడగలేనిది రాయడం నాకు సులువు.

ఈ చర్మరోగాల ఆసుపత్రి ల్యాబులో రోజంతా జనం గోళ్లూ పొలుసులూ చూడటమే నా పని. ఊరందరి గోళ్లూ చూస్తున్నాను. నన్ను పెంచిన చేతి గోరు చూడలేదు. కొంచెం కత్తిరించి, శుభ్రమైన కాగితంలో మడిచి పంపు. నూనె, మందు ఏమీ రాయకు.

నీ
ఎలుకపిల్ల

~

ఒసేయ్ ఎలుకపిల్లా,

పుస్తకాలు కొరికేదానివి, ఇప్పుడు గోళ్ల మీద పడ్డావా? కాన్వెంటు సిస్టర్ల బడిలో వేస్తే గుసగుసలు నేర్చుకొచ్చావు కానీ గట్టిగా ఒక్క మాట అడగడం నేర్చుకోలేదు. ఇదిగో గోరు. దిష్టి తీసి మరీ చూసుకో.

దాచింది సిగ్గుతో కాదు. నర్సరీలో మాటలు మొదలయ్యాయి. ఈ ఏడు నేను కట్టిన నారింజ అంట్లు చచ్చిపోతున్నాయి. తల్లి చెట్టు నుంచి కోసి పెట్టిన మొగ్గ కన్ను అతుక్కుంటుంది, చిగురేస్తుంది. మనం మురిసేలోపు కొసనుంచి ఎండుకుంటూ వస్తుంది. బెరడు గీకితే లోపల మసి. యజమాని అందరి ముందూ, "అమ్మా, నీ హస్తవాసి పోయింది" అన్నాడు. "పోవడానికి అదేమన్నా గొడుగా, బస్సులో మర్చిపోయి రావడానికి?" అన్నాను. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

నా పద్ధతి నీకు తెలుసుగా. బెరడు చీల్చి, కన్ను లోపలికి జొనిపి, బొటనవేలి గోటితో కిందికి నొక్కుతాను. మిగతావాళ్లు కత్తి వెనకవైపుతో నొక్కుతారు. గోటికైతే కన్ను కూర్చున్నది తెలుస్తుంది. కత్తికేం తెలుస్తుంది?

వేళకు తిను. 

అత్తయ్య

~

ప్రియమైన అత్తయ్యకు,

నీ గోటి నుంచి ఒక బూజు పెరిగింది. బూడిద రంగులో మొదలై, నల్లబడి, గాజు గిన్నె మూతదాకా లేచింది. పెద్ద డాక్టరుగారు చూసి, "మనుషుల రోగం కాదమ్మా ఇది, గాలిలోది పడి ఉంటుంది, పారేయ్" అన్నారు. సరేనండీ అన్నాను. పారేయలేదు. మళ్లీ పెంచాను. మళ్లీ అదే వచ్చింది.

పుస్తకాల్లో దొరికింది. అది చెట్ల బూజు. గాయాల్లోంచి, ఎండకు పగిలిన బెరడులోంచి కొమ్మలోకి దిగి, బెరడు కింద మసిలా పేరుకుంటుంది. అరుదుగా మనిషి గోటిలోకి కూడా వస్తుంది. ఒకసారి వస్తే మామూలు మందులకు లొంగదట.

చచ్చిన అంటు పుల్ల ఒకటి పంపగలవా? అప్పటిదాకా గోటితో నొక్కకు, అత్తయ్యా. చేతికి తొడుగు వేసుకో.

నీ
ఎలుకపిల్ల

~

ఎలుకపిల్లకి,

ఇన్నాళ్లూ జవాబు రాయలేదు. కోపం వచ్చింది. ఆయన హస్తవాసి అన్నాడు, నువ్వు బూజు అన్నావు. తేడా ఏముంది? ఇద్దరూ నా చెయ్యే అన్నారు.

నన్ను అంట్లు కట్టే బల్ల దగ్గర్నుంచి లేపేశారు. ఇప్పుడు సంచుల్లో మట్టి నింపుతున్నాను. నిన్న వచ్చిన పిల్లలు నా బల్ల మీద కూర్చుని, నన్ను చూసి గొంతు తగ్గిస్తున్నారు. నేను చచ్చానా, గొంతు తగ్గించడానికి? 

పుల్ల పంపుతున్నాను. నా చెయ్యే అయితే ఆ మాటే రాయి. నసగకు.

అత్తయ్య

~

ప్రియమైన అత్తయ్యకు,

నసగను. గోటిలో ఉన్నదీ, పుల్లలో ఉన్నదీ ఒకటే.

నీ గోటి నుంచి మొక్కలకు వెళ్లలేదని చెప్పలేను. వెళ్లిందనీ చెప్పలేను. అలా వెళ్లినట్టు ఎక్కడా చదవలేదు. కానీ కన్నులన్నీ ఆ ఒక్క తల్లి చెట్టు నుంచే కోస్తారు కదా? పోయిన వేసవి ఎండకు దాని పడమటి కొమ్మల బెరడు పగిలిందని నేనక్కడ ఉన్నప్పుడు నువ్వే అన్నావు. నీ చెయ్యి ఎప్పుడూ పడని పైకొమ్మ ఒకటి కావాలి. నువ్వు కోయకు. వేరే ఎవరిచేతైనా కొత్త కత్తితో కోయించు.

డాక్టరుగారు ఆ గిన్నెలు చూసేశారు. పారేయమన్నాను కదా అన్నారు. "గాలిలోది కాదండీ" అన్నాను. ఆయనకు వినపడలేదు. మళ్లీ అన్నాను.

నీ
ఎలుకపిల్ల

~

నా ఎలుకపిల్లా,

నీ ల్యాబు కాగితం అందింది. పైకొమ్మలోనూ అదే ఉందన్నావు. చదివి నేరుగా యజమాని గదిలోకి వెళ్లి బల్ల మీద పెట్టాను. ఆయన చదివాడు. లేచి తలుపు వేశాడు. నాకు కుర్చీ చూపించాడు. ఇన్నేళ్లలో ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదలు.

"రేపటి నుంచి మళ్లీ నీ బల్ల నీదేనమ్మా. నీ చెయ్యి బంగారమని అందరి ముందూ నేనే చెప్తాను. ఆ చెట్టు సంగతి మాత్రం మన మధ్యే ఉండనీ. ఈ సీజను గట్టెక్కనీ."

నాకు కావలసింది అదే కదా. నీకు అబద్ధం చెప్పను, నోటిదాకా సరేనన్న మాట వచ్చింది.

"మరి కొనుక్కెళ్లేవాళ్ల తోటలు?" అన్నాను.

"చచ్చిన మొక్కకు సవాలక్ష కారణాలుంటాయి. ఎవరు అడుగుతారు?"

బయటికొచ్చి గేటు దగ్గర నిలబడ్డాను. మొక్కలు ఎక్కిస్తున్న ప్రతివాళ్లకీ బొటనవేలు ఎత్తి చూపించాను. "ఇది చూడండి, ఆ చెట్టు చూడండి. ఇద్దరికీ ఒకటే జబ్బు. దీని అంట్లు కొనకండి."

"పిచ్చా ఈవిడకి?" అన్నాడొకడు.

"పిచ్చి గోటికి రాదు నాయనా, బూజు వస్తుంది" అన్నాను.

మొక్కలకోసం ట్రాలీ నడుపుకొచ్చిన రైతు ఒకావిడ దిగి దగ్గరికొచ్చింది. "పోయినసారి నేను పట్టుకెళ్లినవి నువ్వు కట్టినవే కదా. మరి వాటి గతేంటి?" అంది.

"పద, చూద్దాం" అన్నాను. ట్రాలీ ఎక్కాను.

"గేటు దాటితే మళ్లీ లోపలికి రానివ్వను!" అని యజమాని అరిచాడు.

"అయితే గేటు పూర్తిగా తీయండి, ట్రాలీ పట్టాలి" అన్నాను.

ఆవిడ తోటలో ఒక్కో మొక్కా గీకి చూశాం. మసి ఉన్నవన్నీ నేనే పీకాను. నువ్వు చెప్పినట్టే తొడుగు వేసుకున్నాను. కొన్ని పూత మీద ఉన్నాయి. వాటినీ పీకాను. అన్నీ కుప్పేసి కాల్చాం. ఆవిడ తిట్టింది, ఏడ్చింది, అన్నం పెట్టింది. "ఇదంతా నీ చేతి వల్లేనా?" అని కూడా అడిగింది. కావచ్చు అన్నాను. ఆ మాట అన్నాక నాకు ఎవరి భయమూ లేకుండా పోయింది.

ఎవరెవరు కొన్నారో మొహాలు గుర్తున్నాయి. దారి కనుక్కుని వెళ్తాను. తిట్టేవాళ్లు తిడతారు. తిట్టాక అయినా మొక్కలు చూడనిస్తారు.

నువ్వు పంపిన మందు రాస్తున్నాను. గోరు సగం ఊడింది. దానికి తొందరేముంది.

నర్సరీ గది ఖాళీ చేశాను. నీ పుస్తకాల పెట్టె ఈవిడ పంపుగదిలో పెట్టించాను. ఆ పాత చిరునామాకి ఉత్తరం రాయకు. ఎవరి తోటలో ఉంటే అక్కణ్నుంచి నేనే రాస్తాను.

అత్తయ్య