రెండున్నర గంటల దూరం

దార్ ఎస్ సలామ్

కసోందే అన్నయ్యకి,

నువ్వు పంపిన విమానం టికెట్టు అందింది. లుసాకాకి రెండున్నర గంటలేనట. నిరుడు అమ్మకు ఆపరేషనైనప్పుడు కూడా “రైల్లోనే రావే, రెండు రోజుల్లో కొంపలేం మునగవు” అన్నావు. ఇప్పుడేమో “చిన్న జ్వరమే, రేపే విమానమెక్కు” అంటున్నావు. ఫోన్లో నీ వెనక అంతమంది ఆడవాళ్ల గొంతులెందుకు?

మన మేనత్త కొడుకు చిలేషే వాళ్ల నాన్న పోయినప్పుడు మనం వాడికి ఫోన్లో చెప్పిందీ ఇదే కదా, చిన్న జ్వరమేనని. చావు కబురు ఫోన్లో చెప్పకూడదని పెద్దమ్మ మన నోళ్లు నొక్కింది.

భయమేస్తోందన్నయ్యా. అమ్మకి ఫోనివ్వమని అడగను. రేపటి విమానంలో వస్తున్న పక్కింటి మ్వానైదీ చేతికి ఈ ఉత్తరమిస్తున్నాను. నేను మాత్రం రైల్లోనే వస్తాను. వచ్చేదాకా ఆగండి.

ఆ రెండు రోజులూ అమ్మకు జ్వరమే.

నీ చెల్లి