కంప్యూటర్ ఆన్ చెయ్యకు

ఏమోయ్, వచ్చాక కంప్యూటర్ ఆన్ చెయ్యకు. రిపేరు చేసేవాణ్ణి పిలుచుకు రావడానికి వెళ్తున్నాను. అరవై నాలుగు కళలూ వచ్చనుకునే నేను అరవై నాలుగు బిట్ల దగ్గర బోల్తా పడ్డాను. పాత ముప్పై రెండు బిట్ల సిస్టమ్ మీద కొత్తది నేరుగా ఎక్కదు, డిస్కంతా తుడిచెయ్యాలి. తుడిచేశాను. ముందు నా జోకుల ఫోల్డర్ మాత్రం భద్రంగా పెన్‌డ్రైవ్‌లో దాచుకున్నాను. నువ్వు డెస్క్‌టాప్ నిండా పరిచినదంతా ఎప్పటిలాగే చెత్త అనుకున్నాను. పోయిన మీ నాన్నగారి గొంతు అందులోనే ఉందని తుడిచాక గుర్తొచ్చింది. డిస్క్ మీద కొత్తగా ఏమీ పడకపోతే తిరిగి రావచ్చట. నా కోసం చూడకుండా అన్నం తినెయ్.

అన్నట్టు, పెన్‌డ్రైవ్ నా ఫోనుకు తగిలించి చూస్తే నా జోకుల్లో ఒక రికార్డింగు దొరికింది. మధ్యలో ఆయన "ఇక చాలించవయ్యా అల్లుడూ" అంటారు. నీ ఫోనుకు పంపాను. ఆ మాట అప్పుడే విని ఉండాల్సింది.