ఈస్టర్‌కి పూయని కాంచనం

నవంబరు, బుధవారం రాత్రి. సంత్రాగాఛి.

పొద్దున నాన్న కేకేస్తే బయటికెళ్లాను. మా రైల్వే క్వార్టర్ ముందు కాంచనం నిండా పూలు! మొన్న ఈస్టర్‌కి పూస్తుందని, జబ్బుతో ఉన్న అమ్మ మంచాన్ని కిటికీ దగ్గరికి జరిపించుకుంది. ఆకులే చూసి చూసి, ఎండాకాలంలో పోయింది. అప్పట్నించీ నాన్న ఆ చెట్టుని తిట్టని రోజు లేదు.

రేకులు సన్నగా, విడివిడిగా ఉన్నాయి. వసంతంలో పూసే కాంచనం కాదిది, దేవకాంచనం. చూడ్డానికి అక్కచెల్లెళ్లలాగే ఉంటాయి గానీ ఇది చలికాలం ముందు పూస్తుంది. నాన్నకి అదే చెప్పాను. సరిగ్గా గుర్తుపట్టానని ఒక్క క్షణం సంతోషం కూడా వేసింది, ఛీ.

"అయితే దీని తప్పేటీ లేదా? ఊరికే తిట్టీసినానే," అంటూ చెట్టు మొదట్లో చెంబుతో నీళ్లు పోశాడు. చెంబు కింద పెట్టి అడిగాడు: "మరి మీయమ్మకెవులు చెప్తారే?"