నిధి కట్టిన వరస

ప్లేనో, గురువారం రాత్రి



సాయంత్రం కారులో మా అమ్మాయి హాసిని, దాని స్నేహితురాలు నిధి రేపటి క్లాసు ప్రెజెంటేషన్ చదువుకున్నారు. పద్దెనిమిదో శతాబ్దంలో ఒక ఒపెరా స్వరకర్త ఓ చిన్న పిల్లవాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని కలిసి వాయించేవాడట. ఆ పిల్లవాడూ పెద్దయి ఒపెరాలు రాశాడు. పెద్దాయన పోయాక ఆయన వరసను తన రచనలో పెట్టుకున్నాడు.

"అది కాపీ కాదా?" అన్నాను.

"తెలిసే పెట్టాడు కదా ఆంటీ, ట్రిబ్యూట్," అంది నిధి.

"నువ్వు పోయాక నీ ట్యూన్ నేనూ పెట్టుకుంటాలే," అంది హాసిని నిధితో.

"అప్పటిదాకా ముట్టుకోకు," అంది నిధి.

ఇంటికొచ్చాక హాసిని, పోటీకి పంపిన తన సొంత పాటను మొదటిసారి నాకు వినిపించింది. మధ్యలో వచ్చేది నిధి వరస. వేసవిలో హాసిని క్యాంపుకి వెళ్లినప్పుడు నిధిని పియానో క్లాసుకి నేనే తీసుకెళ్లేదాన్ని. "నేనే కట్టాను ఆంటీ," అని కారులో పాడి వినిపించింది. అది నా నోటికి పట్టుకుంది, నెలల తరబడి వంటింట్లో పాడుకున్నాను.

"ఇదెలా వచ్చిందే?"

"ఏమో అమ్మా, ఓరోజు లేచేసరికి తలలో ఉంది," అంది సంబరంగా.

శనివారం పోటీలో నిధి ఎదురుగా కూర్చుని వింటుంది. నేను చెప్పకపోతే హాసినిని దొంగ అనుకుంటుంది. చెబితే హాసిని పాటను వెనక్కి తీసుకోవాలి, అదీ వంటింట్లో నా కూనిరాగం వల్ల.

రేపు పొద్దున స్కూలుకి వెళ్తూ, నిధి కారెక్కేలోగా హాసినికి చెప్పేయాలి. వాళ్లింటికి రెండు సిగ్నళ్ల దూరమే.