ఆరని నేల మీద చక్రాలు

జూన్ 2

మనవరాలి సైకిలు హాల్లో, నా మంచం కాళ్ళ దగ్గర ఆనించి ఉంటుంది. బాల్కనీలో పెడితే ఎండకు టైర్లు పాడవుతాయట. ఈ ఇంట్లో దానికున్న మర్యాద తనకు లేదని అల్లుడి గొణుగుడు.

ఎవరూ లేనప్పుడు టైరు తడిమి చూశాను. నిండా బొడిపెలు. మధ్యలోవి పొట్టివి, దగ్గర దగ్గరగా ఉన్నాయి. అంచుల్లోవి పొడుగు. ఆ అంచువి నేలకు తగలనే తగలవు. తగలని చోట పెద్ద బొడిపెలు ఎందుకో.

పిల్లను అడగాలి.

జూన్ 3

అడగలేదు.

జూన్ 4, ఉదయం

మలుపులో సైకిలు పక్కకు ఒరిగినప్పుడు తగులుతాయి. అదీ సంగతి. పిల్ల వీధి మలుపు తిరుగుతుంటే బాల్కనీలోంచి చూశాను. నేనే కనుక్కున్నాను.

జూన్ 4, సాయంత్రం

టైరు నొక్కితే మెత్తగా ఉంది. మా రోజుల్లో ఇలాంటి టైరుతో బయటికొస్తే నలుగురూ నవ్వేవారు. వెనక బస్తా వేస్తే రిమ్ము నేలకు కొట్టుకునేది. పిల్లకు చూసుకునే తీరిక లేదనుకుని పంపు తీశాను. ఆ సన్నటి మూత విప్పడానికే చాలాసేపు పట్టింది. రెండు చక్రాలకూ వేలు దిగనంత గట్టిగా గాలి కొట్టాను. ఆయాసం వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. చేసింది చెప్పుకోవడం నాకు రాదు.

జూన్ 5

పిల్ల మోచేయి గీరుకుపోయి వచ్చింది. గుమ్మంలోనే టైరు నొక్కి చూసి, తాతా నువ్వేనా అంది. తల ఊపాను. రాళ్ళ మీద బంతిలా ఎగిరిందట. మలుపులో చక్రం నేలను పట్టుకోలేదట.

మా అమ్మాయి వంటింట్లోంచి వచ్చి, నాన్నా నీకేం పనిలేదా, దాని సైకిలు జోలికి వెళ్ళకని ఎన్నిసార్లు చెప్పాలి అని అందుకుంది. ఒక్కసారి కూడా చెప్పలేదు. పిల్లే ఆపింది. ఇంత గట్టిగా కొట్టాడంటే తాత ఊపిరితిత్తులు బ్రహ్మాండంగా ఉన్నాయి, ఈ నెల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళక్కర్లేదు అంది. సిగ్గేసింది. నవ్వూ వచ్చింది.

మోచేతికి మందు రాసుకుంటూ చెప్పింది. ఈ టైర్లలో ట్యూబు ఉండదు. పాలలాంటి మందు పోస్తారు. ముల్లు గుచ్చుకుంటే ఆ మందే గడ్డకట్టి కన్నం పూడుస్తుంది. ట్యూబు లేదు కనక గాలి తక్కువ పెట్టుకోవచ్చు. టైరు రాయి మీద నిలబడకూడదట, రాయిని కప్పుకోవాలట.

రాయిని కప్పుకోవడం. మధ్యాహ్నమంతా అదే ఆలోచించాను.

జూన్ 8

పిల్ల వెంట టైర్ల షాపుకు వెళ్ళాను. టైరును తువ్వాలులా మడిచి అట్టపెట్టెలో పెట్టారు. మడతపడే టైరును ఇప్పుడే చూడటం.

మూడు రకాలు పక్కపక్కన పెట్టి చూపించింది. ఒకటి గట్టినేలకు. బొడిపెలు పొట్టివి, ఒత్తుగా ఉన్నాయి. పరుగు ఎక్కువ. ఒకటి బురదకు. బొడిపెలు పొడుగు, మధ్యలో ఖాళీలు. ఆ ఖాళీల్లోంచి బురద రాలిపోవాలి. మూడోది రెండింటికీ నడుమ, వదులు కంకరకు. నేను వీటికి ఎండ టైరు, బురద టైరు, నడిమి టైరు అని పేర్లు పెట్టుకున్నాను. కంపెనీ పేర్లు నోరు తిరగవు.

అంచు బొడిపెలో గోరు దిగుతుంది. మధ్య బొడిపెలో దిగదు. మెత్తటి రబ్బరు పట్టుకుంటుందట గానీ త్వరగా అరుగుతుందట. ఒకే టైరులో రెండు రకాల రబ్బరు. ఎలా అతికారో.

షాపాయన నన్ను చూసి, పెద్దాయనకు ఏ టైరు ఇవ్వమంటారు, రేసులో పోటీ గట్టిగానే ఉండేట్టుంది అన్నాడు. నేను హెల్మెట్ల వైపు వెళ్ళిపోయాను.

తిరిగి వస్తూ చెప్పింది. 21న గుట్ట మీద రేసు. మొదటి ముగ్గురిని జట్టులోకి తీసుకుని పెద్ద పోటీలకు పంపుతారు. వచ్చే ఏటికి తనకు వయసు దాటిపోతుంది. కాబట్టి ఇదే ఆఖరు. పోయినేడు పైకెక్కే దారిలో వెనకబడి ఐదో స్థానంలో వచ్చింది. బరువు తక్కువ పిల్ల. బురద టైరు వేస్తే ఎక్కుడులో ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగుతున్నట్టుంటుంది అంది.

జూన్ 10

ట్రాక్టరుకు ముందు టైర్ల మీద గీతలే. వెనకవాటికి లావుపాటి పళ్ళు. లాగేది వెనకే కదా. పిల్ల స్నేహితుల సైకిళ్ళకు తిరగేసి ఉంది. ముందు పెద్ద బొడిపెలు, వెనక పొట్టివి.

ఈసారి అడిగాను.

వెనకది జారితే సైకిలు తోక ఊపుతుంది తాతా, సర్దుకోవచ్చు, ముందుది జారితే మూతి పగులుతుంది అంది. నిజమే. ట్రాక్టరు పడిపోదు.

జూన్ 13

పొద్దున గుట్ట దారి నడిచాను. పిల్ల అడగలేదు. నాకే చూడాలనిపించింది. కింద గుంటలో జిగట మన్ను, నెర్రెలు విచ్చి ఉంది. అక్కడి నుంచి పైదాకా గరుకు నేల, గులకరాళ్ళు. చెట్ల కింద వేర్లు బయటపడి ఉన్నాయి. అక్కడక్కడా పిడికెడు మన్ను తీసి పిసికి చూశాను. చేలో పనిచేసిన చెయ్యి, ఊరుకోదు.

జాగింగుకు వచ్చిన ఒకావిడ, ఏదైనా పోయిందా అంకుల్ అని అడిగింది. తల ఊపాను. ఎటు ఊపానో గానీ ఆవిడ కూడా వంగి కాసేపు వెతికింది.

జూన్ 16

రోజూ వెళ్తున్నాను. రోజూ పిల్ల బ్రష్ నోట్లో పెట్టుకుని, నేల ఎలా ఉంది తాతా అంటోంది. గట్టిగా ఉంది అంటాను. దుమ్ము లేస్తోంది అంటాను. విని తల ఊపుతుంది. ఈ ఇంట్లో నన్ను రోజూ ఒక మాట అడిగేవాళ్ళున్నారు ఇప్పుడు.

జూన్ 20, మధ్యాహ్నం

వాన.

జూన్ 20, సాయంత్రం

వాన ఆగాక గొడుగు వేసుకుని వెళ్ళాను. గుంట మెత్తబడింది. కాలు పెడితే చెప్పు వదల్లేదు. పై దారి మాత్రం నీళ్ళు అప్పుడే తాగేసింది. రాయి కింద మన్ను పొడిగానే ఉంది.

తిరిగి వచ్చేసరికి ఇంట్లో వాదన. ముందు చక్రానికి బురద టైరు, అందులో తగువు లేదు. తగువంతా వెనకదాని గురించే. అది కూడా బురద టైరే వెయ్యమని కోచ్ ఫోను చేశాడట. టైరు రిమ్ములో కూర్చోవాలంటే షాపులో గాలి మిషను కావాలి. షాపు ఇంకాసేపట్లో కట్టేస్తారు. రేపు సెలవు. ఏదైనా ఇప్పుడే తేల్చుకోవాలి. కోచ్ చెప్పాడు కదా అంటుంది మా అమ్మాయి. ఆయన ఎక్కుతాడా ఆ గుట్ట అంటుంది పిల్ల.

ఉన్నట్టుండి నా వైపు తిరిగి, తాతా నువ్వు చెప్పు అంది. అందరూ నన్నే చూశారు. అల్లుడు టీవీ గొంతు తగ్గించాడు. ఈ ఇంట్లో నా మాట కోసం టీవీ తగ్గించడం ఇదే మొదలు.

పై దారి ఆరిపోయింది, గుంట ఒక్కటే తడి, అది చిన్న ముక్క, దిగి సైకిలు భుజానికెత్తుకుని పరిగెత్తితే సరిపోతుంది అన్నాను. వెనక ఎండ టైరు అన్నాను. జీవితంలో ఇంత పొడుగు మాట మాట్లాడలేదు.

పిల్ల చక్రం తీసుకుని షాపుకు పరిగెత్తింది.

జూన్ 21, సాయంత్రం

నాలుగో స్థానం.

ఎలా జరిగిందో రాస్తాను. ఇప్పటికీ చూస్తున్నట్టే ఉంది.

ఆడపిల్లల రేసు మధ్యాహ్నం. అంతకుముందే మగవాళ్ళదీ, మగపిల్లలదీ. నేను పొద్దుటి నుంచే గుంట గట్టున నిలబడ్డాను. మగవాళ్ళు గుంపుగా వచ్చి గుంటలో దిగారు. ఒక చుట్టు, ఇంకో చుట్టు. గుంట పిండి కలిపినట్టయింది. అది సరే, అది నేను అనుకున్నదే. అనుకోనిది ఇంకొకటి. ప్రతి చక్రమూ కాస్త జిగట మన్ను పట్టుకుని పైకి పోయింది. గులకరాళ్ళ మీద దులిపింది. తర్వాతి చక్రం దాన్ని తొక్కి అతికించింది. మగపిల్లల రేసు అయ్యేసరికి గుట్ట సగం దాకా గుంటే. పొడిగా ఉన్న దారి ఎక్కడా కనబడలేదు.

పిల్ల గుంట దగ్గర దిగి, సైకిలెత్తుకుని, నేను చెప్పినట్టే పరిగెత్తింది. అందరికన్నా ముందు దాటింది. నన్ను చూసి కన్ను కొట్టింది కూడా. పైన ఎక్కుడులో వెనక చక్రం గిర్రున తిరుగుతోంది, సైకిలు కదలడం లేదు. ఒత్తు బొడిపెల మధ్య మన్ను కూరుకుని టైరు సబ్బుబిళ్ళలా నున్నగా అయింది. దిగి పుల్లతో గీకింది. ఎక్కింది. మళ్ళీ దిగింది. ఒకరు దాటారు. ఇంకొకరు. ఇంకొకరు. ఆ ముగ్గురికీ వెనక బురద టైర్లే.

చివర్లో మూడో పిల్ల వీపు చేతికందేంత దూరంలోనే ఉందట.

జూన్ 22

పొద్దున పిల్ల నేల సంగతి అడగలేదు. నేనూ గుట్టకు వెళ్ళలేదు.

జూన్ 23

సైకిలు కడగలేదు. మన్ను ఎండి హాల్లో రాలుతోంది. మా అమ్మాయి కూడా ఏమీ అనకుండా ఊడుస్తోంది. అనకపోవడం మరీ భయంగా ఉంది.

జూన్ 25

కోచ్ వచ్చాడు. నేను గదిలోకి తప్పుకున్నాను. గోడ పలచన, అన్నీ వినబడతాయి. ఎండ టైరు వెయ్యమని ఎవరు చెప్పారని అడిగాడు. ఎవరూ చెప్పలేదు సార్, నేనే వేసుకున్నాను అంది పిల్ల.

ఆయన వెళ్ళాక బయటికి వచ్చాను. పిల్ల సైకిలు పక్కన నేల మీద కూర్చుని ఉంది. నేనూ కూర్చున్నాను. మోకాళ్ళు పటపటమన్నాయి. ఆరని చేలో ఎవరూ అడుగు పెట్టరమ్మా అన్నాను. అలా పెడితే నేల బిగుసుకుపోయి ఆ ఏడు పంట దెబ్బతింటుంది. ఎంత తొందరున్నా ఆరేదాకా ఆగుతారు. తడి నేలను అంతమంది తొక్కి, ఆ మన్నును పైదాకా మోసుకుపోతారని నాకు తోచనే లేదు.

ఆగినన్నాళ్ళూ ఏం చేస్తారని అడిగింది. పగ్గాలు పేనుకుంటాం, గట్టు మీద కూర్చుంటాం అన్నాను. మనకు అలాంటి రేసు ఉంటే బాగుండు, అందరం గట్టు మీద కూర్చునేవాళ్ళం అంది. నవ్వాలో వద్దో తెలియలేదు.

కాసేపటికి చెప్పింది. నువ్వు బురద టైరు అని ఉంటే ఇంకొకరిని అడిగేదాన్ని తాతా, ఎండ టైరు అనేవాళ్ళు దొరికేదాకా అడుగుతూనే ఉండేదాన్ని. మరి నన్నే ఎందుకు అడిగావన్నాను. నువ్వు ఒక్కసారే మాట్లాడతావు, వినడానికి బాగుంటుంది అంది.

ఆ జట్టు ఇంక నాకు లేదు తాతా అని కూడా అంది. మామూలుగానే అంది. తర్వాత చాలాసేపు టైరులోంచి మన్ను గోరుతో తీస్తూ కూర్చుంది. నేను రెండో చక్రం తీసుకున్నాను. ముందు టైరులో మన్ను దానంతటదే రాలిపోయి ఉంది. వెనకదానిలో ఇటుకలా బిగుసుకుంది. ఒకే దారి, ఒకే మన్ను.

జూన్ 27

వచ్చే ఏడు తను పెద్ద ఆడవాళ్ళ రేసుకు వెళ్తుందట. అది చాలా కష్టమట. మూడేళ్ళు పడుతుందట ముందు వరుసకు రావడానికి. నేల ఎలా ఉందని ఇవాళ అడిగింది. చూడలేదన్నాను. చూసి రా అంది.

జూన్ 29

బొడిపె ఎంత పొడుగుంటే మన్ను ఊడుతుంది? బొడిపెల మధ్య ఎంత ఖాళీ ఉండాలి? వేగంగా తిరిగితే ఊడుతుందా, మెల్లగా అయినా ఊడుతుందా? మెల్లగా అయితే ఊడదని పిల్ల. మన్నును బట్టి అని నేను. మా అమ్మాయి ఇద్దరినీ ముందు అన్నం తినమంది.

జూలై 1

వాన ఇప్పుడే ఆగింది. పిల్ల రెండు చక్రాలూ ఊడదీసింది, వాటికి బిగించిన గుండ్రటి బ్రేకు రేకులు విప్పేసింది. ముందుది తను, వెనకది నేను పట్టుకుని గుట్ట మీంచి గుంటలోకి ఒక్కసారే వదిలాం. మనిషి లేకుండా ఎలా పోతాయో చూద్దామని. తనది బురదలో తిరిగి తిరిగి పడుకుంది. నాది దాటేసి అవతలి పొదల్లోకి పోయింది. ఇంకా దొరకలేదు. పొదలు కదపడానికి కర్ర కావాలని ఇంటికి వచ్చాను. పిల్ల అక్కడే వెతుకుతోంది. వెళ్ళాలి.