యుకిగుమో కాలి వేడి

నాన్నా, ఇక్కడ నేను కులాసా. మన కొట్టంలో పుట్టి చాంపియన్ అయిన యుకిగుమో ఇక పందేలు మానేసి, వచ్చే వారం సంతతి కోసం పోతుగుర్రంగా మన ఊరు ఉరకావాకే వస్తోంది.

ఇంకో పందెం పరుగెత్తించాలా వద్దా అని మా శిక్షకుడు మొరోబోషి గారు తేల్చుకోలేక, రోజూ దాన్ని చూసుకునేది నేనే గనక, "కాలు వేడిగా ఉందేమిట్రా, లోపల దెబ్బేమన్నా ఉందా?" అని నన్నడిగారు. పోయిన నెల పక్క కొట్టంలో ఒక గుర్రం కాలు విరిగి చచ్చింది. భయమేసి, "వేడిగానే ఉందండీ" అన్నాను. నిజానికి చల్లగానే ఉంది. ఆయన తాకైనా చూడకుండానే పందేలు మాన్పించారు. "వీళ్ళ నాన్న నేర్పిన చెయ్యి అది, తప్పు చెప్పదు" అన్నారు, అందరి ముందూ. తల ఎత్తలేకపోయాను. యుకిగుమో ఇవాళ కూడా మైదానం వైపే చెవులు రిక్కించింది.

అమ్మ మోకాలినొప్పికి పట్టీలు పంపాను, అందాయా? చెల్లికి నా దీవెనలు. గుర్రం లారీ దిగగానే నువ్వు అలవాటుగా కాళ్ళు తడిమి చూస్తావు. ఈ ఒక్కసారికి చూడకు నాన్నా.

నీ కీయిచి