ఉప్పెక్కువైన పులిహోర

చిక్కడపల్లి,
శనివారం

చిరంజీవి శ్రావణ్‌ను ఆ వేంకటేశ్వరుడు చల్లగా చూడాలి.

నేను కుదుటపడ్డాను. డిప్రెషన్‌కు నారాయణగూడ డాక్టరు ఇచ్చిన మాత్రలు మానకుండా వేసుకుంటున్నాను. మంచం దిగి మళ్లీ దీపం పెడుతున్నాను, వంట చేస్తున్నాను. ఇప్పుడు నా బాధంతా నీ ఆజ్ఞతోనే. అక్క మనసు నొప్పించొద్దని నిజామాబాద్ నుంచి ఇంట్లో వాళ్లకు గట్టిగా చెప్పావట.

ఈ రోజు పులిహోరలో ఉప్పు రెండుసార్లు వేశాను. దేవుడికి పెట్టకముందు రుచి చూడను కదా, తెలియలేదు. వడ్డించి నీ భార్య రాగిణిని అడిగితే, "మస్తుంది వదినా" అని ఇంకో ముద్ద మింగింది. నీ కొడుకు హర్ష చెంబెడు నీళ్లు తాగి, "ఇంకొంచెం పెట్టు అత్తమ్మా" అన్నాడు. చివర నేను తింటే గానీ సంగతి బయటపడలేదు.

"ఏందే, నన్ను గాజుబొమ్మను చేసిన్రా?" అన్నాను. రాగిణి ఏడవబోయి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఎన్ని నెలలైందో నవ్వి.

తమ్మీ, నాతో పోట్లాడమని వాళ్లకు చెప్పు. అన్నిటికీ తల ఊపుతుంటే నేనింకా రోగినేమోనని అనుమానం వస్తోంది. ఉప్పెక్కువైనా నోరు మెదపకుండా తినడానికి ఇంట్లో దేవుడొక్కడు చాలు.

నీ అక్క